టోపీ మీద కన్ను

ఆల్విన్ పాష్కె ఇస్త్రీ పెట్టెను పొయ్యి మీద నుంచి తీసి చెంప దగ్గరికి తెచ్చుకుంది. తగలనివ్వకుండా బెత్తెడు దూరంలో ఒక్క క్షణం పట్టుకుని, "ఇంకా కాలేదు" అని మళ్లీ పొయ్యి మీద పెట్టేసింది. కొత్తగా చేరిన పిల్లలు పెట్టె మీద ఉమ్మి చూస్తారు, తడిగుడ్డ అద్ది చూస్తారు. ఆమెకు అవేమీ అక్కర్లేదు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ కుడి చెంపతోనే వేడి చూస్తోంది. ఆ చెంప ఎడమదానికంటే ఎర్రగా, కొంచెం నున్నగా ఉంటుంది.

శుక్రవారం గ్రాబో గారి లాండ్రీలో ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. శనివారం పొద్దున్నే బండ్లు బెర్లిన్‌కు బయలుదేరాలి. ఆదివారం చర్చికి వెళ్లే పెద్దమనుషుల మెడలన్నీ బెర్లిన్ పక్కనే ఉన్న మా క్యోపెనిక్ ఊరి మీదే ఆధారపడి ఉంటాయి. వాళ్లు వారమంతా మురికి చేస్తారు, మేము ఉతుకుతాం, వాళ్లు మళ్లీ చేస్తారు. ఈ పద్ధతి వాళ్లకు బాగానే ఉంది. బయట నది ఒడ్డున గడ్డి మీద దుప్పట్లు పరిచి ఉన్నాయి. లోపల పొడవాటి గదిలో పన్నెండు మంది ఆడవాళ్లు, నడుమ ఒక ఇనుప పొయ్యి, దాన్ని అంటుకుని చుట్టూ పాతిక పెట్టెలు. కిటికీలు తెరిస్తే పొగగొట్టాల మసి కాలర్ల మీద పడుతుందని మే నెలలో కూడా మూసే ఉంచుతారు.

ఆల్విన్‌కు అరవై రెండు. పొట్టి మనిషి. పెట్టె నొక్కీ నొక్కీ కుడి భుజం ఎడమదానికంటే కిందికి దిగింది. వేళ్ల కణుపులు లావెక్కాయి. ఈ మధ్య మెట్లు ఎక్కుతుంటే గుండెల్లో ఎవరో తడిబట్ట పిండుతున్నట్టుంటుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. భర్త సరుకు పడవల మీద పనిచేసేవాడు, పదకొండేళ్ల కిందట చలికాలంలో పోయాడు. పిల్లలు లేరు. వెనక పెరటివైపు మూడో అంతస్తులో ఒక గది, ఒక మంచం, కిటికీలో ఒక పూలకుండీ. ఈమాత్రం మనిషి గురించి చెప్పడానికి ఏముంటుందని అనేవాళ్లు మా ఊళ్లో చాలామందే ఉన్నారు. వాళ్లకు ఆమె రెండో ఉద్యోగం సంగతి తెలియదు.

ఆ ఉద్యోగం పోలీసు టోపీని కనిపెట్టి ఉండటం.

మా ప్రష్యాలో చట్టం ఎలా ఉండేదంటే, ఆడవాళ్లూ బడిపిల్లలూ పని నేర్చుకునే కుర్రాళ్లూ రాజకీయ సంఘాల్లో చేరకూడదు. ముగ్గురినీ ఒకే గాటన కట్టారు. సంఘం కాకుండా ఊరికే కలిసి కూర్చుని మాట్లాడుకుంటే తప్పు లేదు, కానీ ఆ గదిలో ఒక పోలీసు కూడా కూర్చుంటాడు. మొన ఉన్న టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుంటాడు. మాట పిల్లల పళ్ల గురించో కూరల ధర గురించో అయినంతసేపూ టోపీ మోకాలి మీదే ఉంటుంది. అది పార్లమెంటు వైపో, పన్నుల వైపో, యజమానుల లాభాల వైపో మళ్లిందంటే టోపీ తలమీదికి ఎక్కుతుంది. ఎక్కిందంటే సభ రద్దు. అందరూ లేచి ఇళ్లకు పోవాలి, మాట్లాడిన మనిషి కోర్టుకు పోవాలి.

అందుకే మా ఆడవాళ్లు సభ అనేవాళ్లు కాదు, కాఫీ అనేవాళ్లు. నది ఒడ్డున ష్మోల్కె తోట హోటల్‌లో ఎవరి కాఫీపొడి వాళ్లు తెచ్చుకుంటే, హోటల్ వాళ్లు వేడినీళ్లు, కప్పులు ఇస్తారు. మా వైపు అది తాతల నాటి అలవాటు. నెలకోసారి నలభై మంది అక్కడ కాఫీ కాచుకుంటూ కూర్చునేవాళ్లు. బెర్లిన్ నుంచి ఎవరో ఒకామె వచ్చి పిల్లల పెంపకం గురించి మొదలుపెట్టి, మెల్లగా ఆ పిల్లల తల్లుల కూలి దాకా వచ్చేది. ఆల్విన్ గోడవారగా, పోలీసుకు ఎదురుగా కూర్చునేది. ఆయన వేళ్లు టోపీ అంచు మీద బిగిస్తే చాలు, చేతిలోని చెంచాను సాసర్లో పడేసేది. ఆ చప్పుడు వినగానే మాట్లాడే ఆమెతో సహా నలభై మందీ గంజిలోకి దిగేవాళ్లు. గంజి వేడిగా పెట్టాలా చల్లగా పెట్టాలా, నీలిమందు ముందా తర్వాతా అని ఒకటే వాదులాట. పోలీసు కాసేపు చూసి వేళ్లు వదులు చేసేవాడు.

పద్దెనిమిదేళ్లు ఇదే పని. ఈ పద్దెనిమిదేళ్లలో ఆల్విన్ ఒక్క ఉపన్యాసం కూడా పూర్తిగా వినలేదు. చెవి అటు పెడితే కన్ను జారిపోతుంది. ఒకేఒక్కసారి, మొదట్లో, ఒక కుట్టుపని ఆమె మాటలు మరీ బాగుండి విందామని అటు తిరిగింది. తిరిగి చూసేసరికి టోపీ తలమీద ఉంది. ఆ కుట్టుపని ఆమెకు ఆరు వారాల జైలు పడింది. "నీ తప్పేం లేదు తల్లీ" అని జైలు నుంచి ఉత్తరం కూడా రాసింది. కానీ ఆల్విన్ ఆ రోజు నుంచి చెవులు మూసేసుకుంది. గంటన్నర ఉపన్యాసంలో ఆమెకు దక్కేది అక్కడో ముక్క, ఇక్కడో ముక్క. సభ అయ్యాక అందరూ చర్చించుకుంటుంటే తను కప్పులు కడిగేది.

ఇవాళ్టి నుంచి, పంతొమ్మిది వందల ఎనిమిది మే పదిహేను నుంచి, కొత్త చట్టం. ఆడవాళ్లు సంఘంలో చేరవచ్చు, ఏమైనా మాట్లాడుకోవచ్చు, పోలీసు రాడు. సాయంత్రం ఏడున్నరకు మొదటి సభ. ఆల్విన్ పెద్దగా ఏమీ కోరుకోలేదు. తలుపుకు వీపు పెట్టి మొదటి వరుసలో కూర్చుని ఒక్క ఉపన్యాసం మొదటి నుంచి చివరి దాకా వినాలి. వారం రోజులుగా ఆమెకు ఇంకో ఆలోచన లేదు.

మధ్యాహ్నం నల్లటి రై పిండి రొట్టె మీద పందికొవ్వు రాసుకుని తింటుండగా ల్యూడికె వచ్చాడు. కాఫీ సభలకు వచ్చే పోలీసు ఆయనే. భార్య పోయినప్పటి నుంచి కాలర్ల కోసం తనే వస్తాడు. పొట్ట ముందు, మనిషి వెనక. ఇంకో రెండు నెలల్లో పింఛను. ఆల్విన్ చేతుల్లోంచి కాలర్ల పొట్లం అందుకుని, వెళ్లకుండా గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇంకేముంది పాష్కమ్మా. మీ కాఫీతో నా రుణం తీరిపోయింది."

"మీ పొడి ఎప్పుడన్నా తెచ్చుకున్నారా ల్యూడికె గారూ? పద్దెనిమిదేళ్లూ మాదే తాగారు."

"డ్యూటీలో ఉన్నవాడు పొడి పొట్లం పట్టుకుని తిరుగుతాడా?" ల్యూడికె మీసం సర్దుకున్నాడు. "ఒక మాట చెప్పనా, ఏమీ అనుకోకు. మా ఆవిడ కూడా నన్ను అంత ఇదిగా ఎప్పుడూ చూళ్లేదు, నువ్వు చూసినట్టు."

"మిమ్మల్నెవరు చూశారు? టోపీని చూశాను."

గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. ల్యూడికె కూడా నవ్వాడు.

"నేను మాత్రం అంతా విన్నాను. వినకపోతే రిపోర్టు ఎట్లా రాస్తాను? ఆడదానికి మగవాడి కూలిలో సగమే ఎందుకో, పన్నెండు గంటల పనిలో ఎవడి వాటా ఎంతో, అన్నీ కంఠతా వచ్చు. కావాలంటే అడుగు, అప్పజెప్తా."

ఆ మాట ఆల్విన్‌కు ఎక్కడో గుచ్చుకుంది. ఆపడానికి వచ్చినవాడు అంతా విన్నాడు. కాపాడటానికి కూర్చున్న తను ఏమీ వినలేదు. ఆయన మీద కోపం రాలేదు, తన మీద జాలి కూడా వేయలేదు. కొంచెం ఈర్ష్యగా అనిపించింది, అంతే.

"మీరేం అప్పజెప్పక్కర్లేదు" అంది రొట్టె ముక్క నోట్లో పెట్టుకుంటూ. "సాయంత్రం నేనే వింటా."

అయిదున్నరకు గ్రాబో గారు స్వయంగా ఒక బుట్ట మోసుకుంటూ వచ్చాడు. ఆయన మోసుకొచ్చాడంటే అందులో ఏదో చెడు ఉన్నట్టే లెక్క. బుట్టలో ఇరవై నాలుగు తెల్లటి జాకెట్లు, ఒక్కొక్కదానికి ఎదమీద నిలువు మడతలు. బెర్లిన్‌లో పెద్దింటి ఆడవాళ్ల సంఘానివి. రేపు పొద్దున పెద్ద హోటల్లో వాళ్లది స్త్రీ స్వాతంత్ర్య సభ. అందరూ ఒకే రకంగా తెల్లగా రావాలని నిర్ణయించుకున్నారట.

"ఈ రాత్రికే కావాలి. తొమ్మిదైనా సరే, కూర్చుని చేసేయాలి" అన్నాడు గ్రాబో.

"మమ్మల్నెప్పుడు కూర్చోనిచ్చారు గనక" అని ఓటిలీ క్రాంజ్ గొణిగింది. ఓటిలీ ఆల్విన్ పక్క బల్ల మీద పందొమ్మిదేళ్లుగా ఇస్త్రీ చేస్తోంది. ఆ నోటికి గ్రాబో గారు కూడా కొంచెం జంకుతాడు.

ఆల్విన్ పెట్టె దించి ముందుకు వచ్చింది. "అయ్యా, నేను ఏడింటికి వెళ్లాలి."

గ్రాబో ఆమెను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "ఏంటి పాష్కమ్మా నువ్వు కూడా? ముప్పై ఏళ్లలో ఒక్కరోజు అడగలేదు. అడగక అడగక ఇవాళే అడగాలా?"

"ముప్పై ఏళ్లు అడగలేదు కాబట్టే ఇవాళ అడుగుతున్నా."

ఆయన చెడ్డవాడేం కాదు. క్రిస్మస్‌కు ఒక్కొక్కరికి ఒక్కో సబ్బు ఇస్తాడు, మనమంతా ఒకే కుటుంబం అంటాడు. ఆ కుటుంబంలో నది ఒడ్డున రెండంతస్తుల ఇల్లు ఆయనకు ఒక్కడికే రావడం మాత్రం మాకు ఎన్నడూ అర్థం కాలేదు. ఆయన తల గోక్కుని, "బుట్ట ఖాళీ అయితే వెళ్లు, నేను అడ్డుకోను" అని వెళ్లిపోయాడు. మడతల జాకెట్ ఒక్కటి నలగకుండా పూర్తి చేయడానికి అరగంట పైనే పడుతుందని ఆయనకూ తెలుసు.

ఆల్విన్ బుట్ట దగ్గరికి వెళ్లి పైనున్న జాకెట్ తీసి బల్ల మీద పరిచింది. ఇప్పటిదాకా వారం రోజులుగా లోపల దాచుకున్న సంతోషం ఒక్కసారిగా బరువెక్కింది. కన్నీళ్లు వచ్చేలా ఉంటే జాకెట్ మీద నీళ్లు చిలకరించే నెపంతో తల వంచుకుంది.

ఓటిలీ వచ్చి బుట్టలోంచి రెండు జాకెట్లు లాక్కుంది. తర్వాత పొయ్యి అవతలి మనిషి రెండు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఒక్కొక్కరే వచ్చి రెండేసి తీసుకుపోయారు. బుట్ట అడుగు కనిపించింది.

"ఆ దొరసానులు స్వాతంత్ర్యం అడగడానికి పోతున్నారటే" అంది ఓటిలీ పెట్టె జరుపుతూ. "అడిగేటప్పుడు మడత నలక్కూడదు కదా మరి."

"వాళ్లకు వస్తే మనకేమొస్తుంది?" అంది అవతలి నుంచి ఎవరో.

"ఇంకో బుట్ట."

గది గొల్లుమంది. నవ్వుతూనే పెట్టెలు మార్చారు. గదిలో ఆవిరి కమ్మేసింది. ఏడుకు పది నిమిషాలుందనగా ఆఖరి జాకెట్ మడతపెట్టి కాగితం చుట్టారు. ఆల్విన్ పంపు దగ్గర మొహం కడుక్కుని, జుట్టు దువ్వుకుని, మెడకు నల్ల రిబ్బన్ కట్టుకుంది.

"పెళ్లికూతురికి ఇంకా ఏమైనా తక్కువా?" అని ఓటిలీ ఆమె వీపు మీద చరిచింది.

"పదవే, మొదటి వరుస పోతుంది."

ఇవాళ సభ గదిలో కాదు, ష్మోల్కె తోటలో, ఆరుబయట. ఇంకా ఎండ ఉంది. చెస్ట్‌నట్ చెట్లు తెల్లగా పూసి ఉన్నాయి. బల్లల మీద కాఫీ కూజాలు, చక్కెర చల్లిన కేకులు. ఆల్విన్ కోసం మొదటి బెంచీ మధ్యలో చోటు ఆపి ఉంచారు. ఆమె కూర్చుంది. ఎదురుగా ఎవరూ లేరు. గోడ లేదు, మోకాలు లేదు, టోపీ లేదు. అలవాటుగా చెంచా చేతిలోకి తీసుకుని, అది చూసుకుని నవ్వుకుంది.

మాట్లాడటానికి వచ్చిన ఆమె పేరు తెక్లా రోడె. ముప్పై ఏళ్లుంటాయి. బెర్లిన్‌లో బొత్తాల ఫ్యాక్టరీలో పనిచేసేది. ఇక్కడికి మొదటిసారి రావడం. "చెల్లెళ్లూ, అక్కలూ, ఇవాళ పిల్లల పళ్ల గురించి మాట్లాడను" అని మొదలుపెట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు.

పది నిమిషాలు ఆల్విన్ వీపు దురద పెడుతున్నట్టే కూర్చుంది. వినాలనే ఉంది, కానీ వెనక హోటల్లోంచి తోటలోకి తెరుచుకునే తలుపు ఉంది. కిర్రుమంటే చాలు, మెడ దానంతటదే తిరగబోతోంది. తిరగకూడదని బెంచీ అంచు పట్టుకుంది. తెక్లా గొంతు పెంచి, "ఆ యంత్రం ఎవరిది? కొన్నవాడిదా, నడిపేదానిదా?" అంటున్నప్పుడు వెనక చెక్క మెట్ల మీద బూట్ల చప్పుడు అయింది. ఆ నడక ఆమెకు తెలుసు. తిరిగి చూసింది. గుమ్మంలో ల్యూడికె. చేయి టోపీ అంచు మీద.

చెంచా సాసర్లో పడింది.

నలభై మందీ ఒక్కసారిగా గంజిలోకి దిగారు. "చల్లటి నీళ్లలో కలిపితే ఉండ కడుతుందమ్మా" అంటోంది ఓటిలీ. "ఉండ కట్టేది నీ చేతిలో, మా చేతిలో కాదు" అని ఇంకొకామె. ఎవరో నీలిమందు అన్నారు, ఎవరో మైనం అన్నారు. ఈ ఏర్పాటు సంగతి తెక్లాకు ఎవరూ చెప్పలేదు; ఇవాళ అవసరం లేదనుకున్నారు. ఆమె చెయ్యి గాల్లో అలాగే పెట్టుకుని, ఈ ఊళ్లో అందరికీ ఒకేసారి ఏమైందో తెలియక నిలబడిపోయింది.

ల్యూడికె మామూలు కోటులో ఉన్నాడు. తలమీద ఉన్నది గడ్డి టోపీ. మర్యాదకు దాన్ని తీయబోతున్నాడు. ఈ గోల విని ఆయన రెండు చేతులూ పైకెత్తాడు, ఒక చేతిలో టోపీ, ఇంకో చేతిలో కాగితం పొట్లం.

"పొడి తెచ్చుకున్నా" అన్నాడు.

ముందు ఓటిలీ నవ్వింది. తర్వాత తోటంతా నవ్వింది. తెక్లాకు ఎవరో చెవిలో చెబితే ఆమె కుర్చీ పట్టుకుని నవ్వింది. ఆల్విన్ మొహం ఎర్రగా కందిపోయింది. "పాడు చెయ్యి, అదే పడేసింది" అంది.

"మీరెందుకొచ్చారు?" ఓటిలీ ల్యూడికెను నిలదీసింది. "ఇంకా ఎవరి మీద రాయాలి?"

"ఎవరి మీదా రాయను. చుట్టుపక్కల సభలన్నిట్లో కలిపి పదకొండు ఉపన్యాసాలు మధ్యలో ఆపాను. ఆపినవే గట్టివి. వాటి చివర ఏముంటుందో నాకూ తెలీదు." ఆయన టోపీని బెంచీ కిందికి తోసేశాడు. "ఒక్కటన్నా విని పోతా."

ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇష్టం లేనివాళ్లు కూడా ఉన్నారు. జైలుకు పోయినవాళ్లు మా మధ్యే ఉన్నారు మరి. చివరికి అందరూ ఆల్విన్ వైపు చూశారు.

"కూర్చోనీండి" అంది ఆల్విన్. "వెనక వరుసలో. నేను మాత్రం ఇంక తిరిగి చూడను."

తిరిగి చూడలేదు. తెక్లా మళ్లీ యంత్రం దగ్గర నుంచి అందుకుంది. కొన్నవాడు యంత్రంతో పాటు దాని ముందు నిలబడ్డ మనిషి రోజునూ తనదే అనుకుంటాడంది. ఆ రోజు అయ్యాక మిగిలిన నాలుగు గంటలు ఇంట్లో పొయ్యి తీసుకుంటుందంది. మొగుడితో సమానం కావడం ఒక్కటే కాదు, మొగుడూ పెళ్లామూ ఇద్దరూ ఇంకొకడి కోసం అరిగిపోకుండా ఉండటం కావాలంది. ఓటు అడుగుదాం, ఓటు వచ్చాక లాండ్రీ కూడా అడుగుదాం అంది.

ఆల్విన్‌కు ఒక విచిత్రం జరిగింది. ఇదంతా తనకు తెలుసు. ఈ ముక్క తొంభై నాలుగులో విన్నది, ఆ పొయ్యి మాట ఇంకో ఏడాది చలికాలంలో విన్నది, జీతం సంగతి ఆ కుట్టుపని ఆమె నోటివెంట విన్నది. పద్దెనిమిదేళ్లుగా చెవిన పడిన ముక్కలన్నీ ఇప్పుడు ఒక్కొక్కటే వచ్చి వాటి చోట్లలో కూర్చుంటున్నాయి. తను ఏమీ వినలేదనుకుంది గానీ, ఏదీ పోలేదు. ఆమెకు చాలా సంతోషం వేసింది. లోపల బట్ట పిండుతున్నట్టు మళ్లీ అనిపించింది, ఈసారి గట్టిగా. సంతోషానికి అలాగే ఉంటుందేమో అనుకుని ఓటిలీ భుజానికి కొంచెం ఆనుకుంది.

వెలుగు చెట్ల మీది నుంచి దిగిపోతుండగా తెక్లా ముగించింది. చప్పట్లు చాలాసేపు మోగాయి. వెనక నుంచి ల్యూడికె చప్పట్లు కూడా వినిపించాయి, బరువుగా, కొంచెం ఆలస్యంగా.

"అయిపోయిందా?" అంది ఆల్విన్.

"అయిపోయింది. ఎట్లా ఉందే?"

"బాగుంది." కాసేపు ఆలోచించింది. "కొంచెం పొడుగు."

ఓటిలీ పగలబడి నవ్వింది. తెక్లా బల్ల మీద చిన్న అట్ట పుస్తకాలు దొంతరగా పెట్టి, సంఘంలో చేరేవాళ్లు రండి అంది. పేరు తను రాస్తుంది, పక్కన ఎవరి సంతకం వాళ్లు చేయాలి. మొదటి పుస్తకం పాష్కమ్మదే అని అందరూ పట్టుబట్టారు. ఆమె చెయ్యి ఊపింది. "ముందు మీరు కానివ్వండి. నేను ఆఖర్న వస్తా. కాసేపు కూర్చోనీండి."

వెనక్కి ఆనుకుని కళ్లు మూసుకుంది. వరుసలో నిలబడ్డ ఒక పిల్ల పలకరించబోతే ఓటిలీ వేలు పెదవుల మీద పెట్టుకుంది. "లేపకు. పద్దెనిమిదేళ్లు రెప్ప వేయలేదు. ఇవాళ మూసుకోనీ."

అందరికీ ఆ మాట నచ్చింది. గొంతులు తగ్గించారు. కప్పులు చప్పుడు కాకుండా తీశారు. ఒక్కొక్కరే వెళ్లి సంతకాలు చేశారు. కొందరికి చాలాసేపు పట్టింది, ఎవరూ తొందరపెట్టలేదు. తెక్లా ఆఖరి పుస్తకంలో ఆల్విన్ పేరు రాసి, తల ఎత్తి, "ఇక పాష్కమ్మ" అంది.

ఓటిలీ వంగి ఆమె చెయ్యి పట్టుకుంది. పట్టుకుని అలాగే ఉండిపోయింది. తర్వాత లేవకుండానే పక్కన కూర్చుని, ఆ చేతిని తన ఒళ్లోకి తీసుకుంది. చూసినవాళ్లకు అర్థమైంది. ఎవరూ అరవలేదు. వెనక ల్యూడికె లేచి నిలబడ్డాడు.

"చివరి దాకా విన్నది" అంది ఓటిలీ, ఎవరో కాదన్నట్టు. "మీరంతా సాక్ష్యం. చివరి దాకా విన్నది."

ఆమెను ఆ బెంచీ మీదే పడుకోబెట్టి, నలుగురు ఆడవాళ్లు నాలుగు మూలలా పట్టుకుని తోటలోంచి ఇంటికి మోసుకెళ్లారు. మిగిలినవాళ్లు వెనక నడిచారు. బల్ల మీద నలభయ్యో పుస్తకం తెరిచే ఉంది. ఆల్విన్ పాష్కె అన్న పేరు మీద సిరా ఆరింది, దాని పక్కన ఖాళీగా ఒక గీత, ఆ గీత మీద ఆమె కోసం సిరాలో ముంచి పెట్టిన కలం.